సమయం చెప్పని చేతిగడియారం

ఈ సంక్రాంతికి మా తమ్ముడు చెన్నై నుంచి భార్యాపిల్లలతో కావలికి వచ్చినప్పుడు, భోగి నాటి రాత్రి ఒకటి, పండుగ నాటి రాత్రి ఒకటి చొప్పున, మేమిద్దరం చిన్నతనంలో చూసిన రెండు సినిమాలను ఇంటిల్లిపాదీ కూర్చుని మళ్లీ చూశాము. మొదటిది 2001లో వచ్చిన స్పై కిడ్స్. రెండోది ఆ మరుసటి ఏడాది, 2002 ఆగస్టులో వచ్చిన దాని తరువాయి భాగం. రెండింటికీ కథ రాసినవాడు, దర్శకత్వం వహించినవాడు, కూర్పు చేసినవాడు రాబర్ట్ రోడ్రిగెజ్ అనే ఒకే వ్యక్తి. ఇద్దరు పిల్లలు, గూఢచారులైన తల్లిదండ్రులు, చిత్రవిచిత్రమైన పరికరాలు, ఎవరికీ ప్రాణాపాయం కలగని పోరాటాలు, మధ్యమధ్య నవ్వులు రెండింటిలోనూ ఉన్నాయి. అయినా ఇరవై ఏళ్ల తరువాత చూస్తే ఈ రెండూ ఒక కుదురు సినిమాలు కావని నాకు అనిపించింది. ఎందుకు అనిపించిందో వివరంగా రాయాలని ఈ టపా మొదలుపెట్టాను.

వీటిని మేము మొదటిసారి చూసింది అద్దెకు తెచ్చుకున్న వీసీడీలలో. ఒక్కో సినిమాకు రెండేసి డిస్కులు ఉండేవి. ఒకటి పూర్తికాగానే రెండోది పెట్టడానికి నేనూ తమ్ముడూ పోటీపడేవాళ్లము. అప్పటికి మాకు వచ్చిన ఇంగ్లీషు బడి పుస్తకాలలోనిదే కాబట్టి మాటలలో సగం కూడా అర్థం కాలేదు. బొమ్మను బట్టే కథను కల్పించుకున్నాము. నాకూ తమ్ముడికీ నాలుగేళ్ల తేడా. అక్క కార్మెన్‌గా నటించిన అలెక్సా వేగా 1988లోనూ, తమ్ముడు జూనీగా నటించిన డారిల్ సబారా 1992లోనూ పుట్టారని చాలాకాలం తరువాత చదివినప్పుడు, మా మధ్య ఉన్న దూరమే వాళ్ల మధ్యా ఉన్నదని తెలిసి ఎంతో సంతోషించాను. ఆ రోజులలో మా ఇద్దరి తీర్పూ ఒక్కటే: రెండో భాగమే గొప్పది. అందులో దీవి ఉంది, రాక్షస జంతువులు ఉన్నాయి, పరికరాలు రెట్టింపు ఉన్నాయి. తమ్ముడు ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాడు. నేను మాత్రం మారాను.

మొదటి భాగం గొప్పతనం దాని ఊహలో ఉంది. గూఢచారి అంటే మన తెలుగువారి మనసులో మెదిలేది 1966లో కృష్ణ గారు వేసిన గూఢచారి 116 నాటి నుంచీ ఒంటరి మనిషే. చేతిలో తుపాకీ, వెనక కారు, పక్కన నాయిక ఉంటారు గానీ, ఆ మనిషికి హోమ్‌వర్కు చేయించవలసిన పిల్లలు ఉండరు, బడికి పంపవలసిన తొందర ఉండదు. రోడ్రిగెజ్ ఆ గూఢచారిని తెచ్చి ఇంట్లో కూర్చోబెట్టాడు. గ్రెగోరియో, ఇంగ్రిడ్ ఒకప్పుడు ఎదిరి పక్షాలకు పనిచేసిన గూఢచారులు. ఒకరిని చంపడానికి మరొకరు బయలుదేరి, ప్రేమించుకుని, పెళ్లాడి, పిల్లల కోసం ఆ వృత్తినే వదులుకున్నారు. పిల్లలను పడుకోబెట్టేటప్పుడు ఇంగ్రిడ్ ఈ కథనే ఎవరిదో కథ అన్నట్టు చెబుతుంది. మన ఇళ్లలో పేదరాశి పెద్దమ్మ కథ విన్నట్టు విన్న పిల్లలు, ఆ కథలోని ఇద్దరూ తమ తల్లిదండ్రులేనని తెలుసుకునే క్షణం నుంచి సినిమా అసలు దారి పడుతుంది. అమ్మానాన్నలకు మనం పుట్టకముందు ఒక జీవితం ఉన్నదని ఏ బిడ్డకైనా ఏదో ఒక రోజు తెలియవలసిందే. దానిని ఇంత సరదాగా, ఇంత సూటిగా చెప్పిన పిల్లల సినిమా నేను మరొకటి చూడలేదు.

అక్కడి పిల్లలు కూడా వీరులుగా పుట్టినవాళ్లు కాదు. జూనీ చేతివేళ్లకు పులిపిర్లు ఉంటాయి, అరచేతులకు చెమట పడుతుంది, బడిలో తోటి పిల్లలు ఏడిపిస్తారు. కార్మెన్ ఇంట్లో చెప్పకుండా బడి ఎగ్గొడుతుంది, తమ్ముణ్ణి నోటికి వచ్చినట్టు వెక్కిరిస్తుంది. తల్లిదండ్రులు బందీలైన తరువాత మాత్రమే ఆ ఇద్దరికీ ఒకరి అవసరం మరొకరికి తెలుస్తుంది. వాళ్లను బంధించిన ఫ్లూప్ టెలివిజన్‌లో పిల్లల కార్యక్రమం నడిపే మనిషి. తప్పిపోయిన గూఢచారులను వికృతమైన బొమ్మలుగా మార్చి, ఆ కార్యక్రమంలోనే ఆడిస్తుంటాడు. జూనీ రోజూ ఇష్టంగా చూసే కార్యక్రమం అదే. అంటే అపాయం ఎక్కడో పరదేశపు కోటలో మొదలుకాలేదు, ఇంటి ముందుగదిలోని టీవీలోనే మొదలైంది. పిల్లలను పోలిన మరబొమ్మల సైన్యాన్ని తయారుచేయడం ఫ్లూప్ దగ్గర పనిచేసే మినియన్ అసలు కుట్ర. ఆ మరబొమ్మలకు రూపం ఉంది, బలం ఉంది, బుద్ధి లేదు. అసలు పిల్లలకు బలం లేదు గానీ మిగిలినవన్నీ ఉన్నాయి. ఈ ఎదురుబొదురు అమరిక మీదే సినిమా 88 నిమిషాలూ నిలబడింది.

పరికరాలు ఇందులోనూ చాలానే ఉన్నాయి. నమిలి ఉమ్మితే విద్యుత్తు కొట్టే చూయింగ్ గమ్ము, వీపున కట్టుకుని ఎగిరే యంత్రాలు, చేప ఆకారంలో ఉండే చిన్న జలాంతర్గామి, చిన్న పొట్లాన్ని ఓవెన్‌లో పెట్టగానే భోజనంగా మారే వింత, అన్నీ ఉన్నాయి. అయితే ప్రతి వస్తువూ మొదట పిల్లల చేతిలో తడబడుతుంది. వాటిని ఎలా వాడాలో ఎవరూ నేర్పలేదు కాబట్టి కార్మెన్, జూనీ ఒకరినొకరు విసుక్కుంటూ, బటన్లన్నీ నొక్కుతూ నేర్చుకుంటారు. ఆ నేర్చుకోవడంలోనే హాస్యమంతా పుట్టింది. రహస్య గృహం తలుపు తెరుచుకోవాలంటే కార్మెన్ తన పూర్తి పేరు చెప్పాలి. అంత పొడవైన పేరు తనకు ఉన్నదని ఒప్పుకోవడానికే ఆ పిల్ల ఇబ్బందిపడుతుంది. మా ఇంట్లో కూడా ఇంటిపేరుతో, ముత్తవ్వ పేరుతో కలిపి నా పేరు బడి రిజిస్టరులో ఒక వరుస పట్టేది కాదు. అందుకే ఆ దృశ్యం ఎన్నిసార్లు చూసినా నాకు చేరువగానే ఉంటుంది.

రెండో భాగానికి వస్తే, మొదటి పది నిమిషాలలోనే తేడా తెలిసిపోతుంది. ఇప్పుడు కార్మెన్, జూనీ గూఢచారి సంస్థలో ఉద్యోగులు. వాళ్లకు హోదాలు ఉన్నాయి, మెట్లు ఉన్నాయి, పోటీదారులుగా గ్యారీ, గెర్టీ అనే మరో అన్నాచెల్లెళ్లు ఉన్నారు. వినోద ఉద్యానంలో ఆకాశానికి విసిరే రాట్నం మీద చిక్కుకున్న అధ్యక్షుడి కూతురును కాపాడడంతో కథ మొదలవుతుంది. ఆ పాప కావాలనే అక్కడికి ఎక్కింది. పనులలో మునిగిపోయిన తండ్రి తన కోసం రావాలని ఆమె కోరిక. నిజానికి మొదటి భాగపు ఆత్మ ఈ చిన్న ఘట్టంలోనే ఇంకా బతికి ఉంది. దర్శకుడు దానిని పట్టుకుని ముందుకు నడిచి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. కానీ సినిమా అక్కడ ఆగకుండా, ట్రాన్స్‌మూకర్ అనే పరికరం వెంట పరుగెడుతుంది. అది పనిచేస్తే లోకంలోని విద్యుత్ పరికరాలన్నీ ఆగిపోతాయి. దానిని దొంగలు ఎత్తుకుపోనిచ్చాడన్న నింద పడి జూనీ ఉద్యోగం పోతుంది. గ్రెగోరియోకు రావలసిన సంస్థ అధిపతి పదవి మోసంతో గ్యారీ తండ్రికి దక్కుతుంది. ఇవన్నీ ఆఫీసు గొడవలు. పదేళ్ల పిల్లలకు ఆఫీసు గొడవలు ఎందుకని నాకు చాలాసేపు బాధగా ఉండింది.

అన్నిటికంటే నాకు కష్టం కలిగించింది తల్లిదండ్రులను వాడిన తీరు. మొదటి భాగంలో వాళ్లు బందీలైనా కథ మొత్తం వాళ్ల చుట్టూ తిరుగుతుంది. రెండోదానిలో వాళ్లు పిల్లలను వెతుక్కుంటూ ఆలస్యంగా దీవికి వచ్చే ప్రయాణికులు. ఆంటోనియో బాండెరాస్, కార్లా గుగినో వంటి నటులను జలాంతర్గామిలో కూర్చోబెట్టి ఉంచడం అన్యాయమే. అయితే ఆ జలాంతర్గామిలో ఇంగ్రిడ్ తల్లిదండ్రులు కూడా ఉండడం వల్ల ఆ భాగం కొంత నిలబడింది. ఇంగ్రిడ్ తండ్రిగా రికార్డో మోంటల్బాన్ నటించారు. 1993లో వెన్నెముకకు జరిగిన శస్త్రచికిత్స తరువాత ఆయన నిజజీవితంలోనే చక్రాల కుర్చీకి పరిమితమయ్యారు. దర్శకుడు ఆ కుర్చీని దాచలేదు, దానితోనే ఆయనకు ఒక పెద్దరికపు పాత్ర ఇచ్చాడు. ఆ అత్తామామలు అల్లుణ్ణి దారి పొడవునా సూటిపోటి మాటలు అంటూనే ఉంటారు. అల్లుడు గడపలో అడుగుపెడితే కాళ్లకు నీళ్లు ఇచ్చి, కూర్చోబెట్టి, రెండు రకాల కూరలు చేసే ఇంట్లో పుట్టిన మా అమ్మ, ఆ దృశ్యాలను నమ్మలేక చూసింది. ‘‘అల్లుణ్ణి అంతంత మాటలు అంటారా మే? పైగా పిల్లల ఎదుటనా?’’ అని నన్ను అడిగి, కాసేపు ఆగి, ‘‘అయితే ఆ పెద్దావిడ బాధ కూడా నిజమే. కూతుర్ని అంత ప్రమాదంలోకి తీసుకుపోయినోడు కదా’’ అన్నది. ఆ పాత్రల గురించి నేను రాయగలిగినదంతా ఆమె ఆ రెండు మాటలలో చెప్పేసింది.

ఇక పరికరాల సంగతి. కార్మెన్ చేతికి ఒక గడియారం ఉంటుంది. అది ఫోనుగా పనిచేస్తుంది, దారి చూపిస్తుంది, ఇంకా ఎన్నో చేస్తుంది. సమయం మాత్రం చెప్పదు. ఇన్ని సౌకర్యాలు పెట్టిన తరువాత గడియారానికి అందులో చోటు మిగలలేదు. చిన్నప్పుడు దీనిని ఒక హాస్యపు మాటగా తీసుకుని నవ్వాను. ఇప్పుడు చూస్తే రెండో భాగాన్ని గురించి రెండో భాగమే చెప్పిన నిజమైన మాట ఇదేననిపించింది. మొదటి సినిమాకు అయిన ఖర్చు సుమారు మూడున్నర కోట్ల డాలర్లు, దీనికి అంతకంటే కొంచెం ఎక్కువ. నిడివి కూడా 100 నిమిషాలకు పెరిగింది. ప్రపంచవ్యాప్త వసూళ్లు మాత్రం మొదటిదానివి 14 కోట్ల డాలర్లు దాటితే, దీనివి 12 కోట్ల లోపే ఆగాయి. వసూళ్లను బట్టి కళను కొలవకూడదు, నిజమే. ఇక్కడ కళను బట్టి కొలిచినా నాకు దాదాపు అదే లెక్క వచ్చింది.

కానీ ఈ సినిమాకు తన జబ్బు తనకు తెలుసు. అందుకే పిల్లలను లీకే లీకే అనే దీవికి పంపింది. ట్రాన్స్‌మూకర్ అక్కడే ఉన్నందున ఆ దీవి మీద ఏ పరికరమూ పనిచేయదు. గడియారం మూగబోతుంది, వెంట ఉన్న పురుగు ఆకారపు చిన్న మరయంత్రం కూడా ఆగిపోతుంది. అంతవరకు బటన్లు నొక్కడం తప్ప వేరే పని లేని ఇద్దరూ అక్కడ నడవవలసి వస్తుంది, ఆలోచించవలసి వస్తుంది, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవలసి వస్తుంది. వాళ్ల పెదనాన్న మషెటీ ఇచ్చిన వాటిలో అక్కడ పనికి వచ్చేది ఒకే ఒక్కటి, అది రబ్బరు బ్యాండు. దానికి 999 ఉపయోగాలు ఉన్నాయని ఆయన చెబుతాడు. దాన్ని ఎలా వాడాలో తెలుసుకోవడం పిల్లల బుద్ధికే వదిలేశాడు. ఈ ఒక్క ఊహకు రోడ్రిగెజ్‌కు నమస్కరించాలి.

దీవి అనగానే మా జిల్లా పిల్లలకు పరాయిదనం ఉండదు. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమ ఉన్న శ్రీహరికోట మా అందరి చిన్నతనంలోనూ ఉంది. 2022లో జిల్లాలు మారినప్పుడు అది తిరుపతి జిల్లాలోకి వెళ్లినా, నెల్లూరు వాళ్ల నోట అది ఇంకా మన షారే. అక్కడ శాస్త్రవేత్తలు ఉంటారు, ఏదో తయారవుతుంది, అనుమతి లేనిదే ఎవరినీ పోనివ్వరు. ఒకసారి నెల్లూరులో బంధువుల ఇంటి మేడ మీద నిలబడి, దక్షిణాన ఆకాశంలోకి లేచిన తెల్లటి పొగచారను నేనూ తమ్ముడూ చూశాము. ఆ తరువాత కొన్నాళ్లకే ఈ సినిమా చూసినందువల్ల, దీవిలో దాక్కున్న శాస్త్రవేత్త రొమెరో మాకు వింతగా తోచలేదు. అలాంటివారు ఉండే చోటు మాకు వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలోనే ఉన్నదని అనుకున్నాము.

స్టీవ్ బుషెమీ నటించిన ఆ రొమెరో పాత్ర మొదటి భాగంలోని ఏ పాత్రకంటే కూడా లోతైనది. దీనిని ఒప్పుకోకపోతే నేను న్యాయం తప్పినదాన్ని అవుతాను. పిల్లలు చేతిలో పెట్టుకుని ఆడుకునేందుకు చిట్టిచిట్టి జంతువులను సృష్టించాలనుకున్నాడు. రెండేసి జంతువులను కలిపి కొత్తవి పుట్టించాడు. పొరపాటున అవి పెరిగి కొండలంతయ్యాయి. వాటికి భయపడి నేలమాళిగలోని ప్రయోగశాలలో దాక్కుని, బయటికి రాకుండా ఏళ్లు గడిపేశాడు. అవి తనను చంపుతాయని అనుకున్నాడు గానీ, ఒక్కసారైనా దగ్గరికి వెళ్లి చూడలేదు. చివరికి బయటికి వచ్చినప్పుడు అవి అతనిని ఏమీ చేయవు, పైగా అతనికి అండగా నిలుస్తాయి. కన్న బిడ్డలు ఎదిగి చేతికి అందనంత ఎత్తైనప్పుడు వాళ్లతో మాట్లాడడానికి జంకే తండ్రులను నేను నా చుట్టూ చూశాను. మొదటి భాగంలో పిల్లలు తల్లిదండ్రులను తెలుసుకుంటే, ఇక్కడ సృష్టించినవాడు తన సృష్టిని తెలుసుకున్నాడు. ఆ ఘట్టాలను ఇంకొంచెం సాగదీసి, ఆఫీసు గొడవలను కుదించి ఉంటే, రెండో భాగం మొదటిదాన్ని దాటిపోయేదని నా నమ్మకం.

అస్థిపంజరాల పోరాటం గురించి కూడా చెప్పాలి. బొమ్మలను కొద్దికొద్దిగా కదుపుతూ ఒక్కో ఫ్రేమునూ విడిగా చిత్రించిన రే హ్యారీహౌసెన్‌కు అది రోడ్రిగెజ్ సమర్పించిన గౌరవం. హ్యారీహౌసెన్ 1963 నాటి ఒక గ్రీకు పురాణ చిత్రంలో కత్తులు పట్టిన అస్థిపంజరాలను కదిలించి చూపించాడు. మా అమ్మకు ఆ పేరు తెలియదు. అయినా ఎముకలు లేచి నిలబడగానే, ‘‘ఇది మన విఠలాచార్య సినిమానే కదా!’’ అన్నది. మా పిల్లలకు విఠలాచార్య ఎవరో తెలియదు. ఆ రాత్రి సినిమాను ఆపి, జానపద చిత్రాలలో దయ్యాలను, పుర్రెలను, మాయలను తక్కువ ఖర్చుతో ఎలా రప్పించేవారో అమ్మ చెబుతుంటే అందరం విన్నాము. రెండో భాగాన్ని రోడ్రిగెజ్ ఫిల్ము మీద కాకుండా డిజిటల్ కెమెరాతో, తానే ఛాయాగ్రాహకుడై చిత్రించాడు. అందువల్ల అందులోని బొమ్మలకు నునుపు ఎక్కువ, బరువు తక్కువ. పెద్ద తెర టీవీలో ఆ లోపం ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించింది. అస్థిపంజరాల దగ్గర మాత్రం ఆ లోపాన్ని మా ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు.

పండుగ నాటి రాత్రి సినిమా చివరికి వచ్చింది. కార్మెన్ వేదిక మీద పాడుతుంది. గొంతును శ్రావ్యంగా మార్చే మైకు తనకు అమర్చారని ఆమె నమ్మకం. పాట అయిన తరువాత తెలుస్తుంది, మషెటీ అందులో బ్యాటరీలు వేయనే లేదు. ఆ గొంతు ఆమెదే. జూనీ కూడా తిరిగి వచ్చిన ఉద్యోగాన్ని వద్దని వెళ్లిపోతాడు. ‘‘చూశావా అక్కా, ఇందుకే నాకు రెండోదే ఇష్టం’’ అన్నాడు తమ్ముడు. సినిమా అంతా పరికరాలతో నింపి, చివర వాటన్నిటినీ తీసి పక్కన పెట్టడానికి ధైర్యం కావాలని అతని వాదన. ఆ ధైర్యం మొదటి సినిమాకు అవసరమే లేదని, అందులో పరికరాలు ఎప్పుడూ ఇంటి మనుషులకంటే ముందుకు రాలేదని నేను అన్నాను. అర్ధరాత్రి దాటేవరకూ ఇద్దరం వాదించుకున్నాము. తమ్ముడు ఒక్క అడుగు కూడా వెనక్కి వేయలేదు, నేనూ వేయలేదు.

పిల్లలు ఏ పక్షానికీ రాలేదు. కనుమ నాడు పొద్దున్నే తమ్ముడి కూతురు నా దగ్గరికి వచ్చి, ‘‘అత్తా, రబ్బరు బ్యాండు ఉందా?’’ అని అడిగింది. వంటింటి తలుపు గడియకు అమ్మ ఏళ్లుగా తగిలించి పెట్టిన రబ్బరు బ్యాండ్ల గుత్తిని చూపించాను. మధ్యాహ్నం భోజనాలకు పిలిచే వేళకు ఆ గడియకు ఒక్కటీ లేదు, వసారాలో నలుగురు పిల్లలూ 37వ ఉపయోగం దగ్గర ఉన్నారు.